తంగేడు పువ్వు రంగు లైటు

"పచ్చగనే ఉన్నది బిడ్డా."

అమ్మ చెప్పిన ఈ ఒక్క మాట పట్టుకొని రెండు రోజులు తప్పు దారిలో తిరిగాను.

పోయిన దసరాకు హన్మకొండకు వెళ్లినప్పుడు దుబాయి నుంచి ఒక వైఫై స్పీకర్ పట్టుకెళ్లాను. పొద్దున సుప్రభాతం, సాయంత్రం అమ్మకు ఏది బుద్ధి పుడితే అది. నేనున్నన్ని రోజులు బాగానే పాడింది. ఇటు విమానం ఎక్కిన వారానికే రోగం మొదలైంది. పాట నడుమ ఆగిపోతుంది, ఇక ఉలకదు పలకదు.

ఇక్కడ నా పనే అది. హోటళ్లలో, ఆఫీసుల్లో సీలింగ్ పైన కేబుల్ లాగడం, వైఫై సిగ్నల్ పంచే యాక్సెస్ పాయింట్లు బిగించడం, 11 ఏళ్లుగా. గదిగదికీ సిగ్నల్ కొలిచి చూపిస్తే గానీ ఇంజినీరు సంతకం పెట్టడు. మా ఇంట్లో మాత్రం రౌటర్ ఇనుప బీరువా వెనక మేకుకు వేలాడుతోంది. పెట్టించింది నేనే. హాల్లో ఆ డబ్బా కనబడితే బాగుండదని అమ్మ అంటే సరే అన్నాను.

ఆరింటికి డ్యూటీ దిగితే అక్కడ ఏడున్నర. ఇక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి గానీ మాట్లాడే వీలు లేదు, అందుకే బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో ఫోన్ చేస్తాను. లైటు పచ్చగా ఉందంటే వైఫై కలిసినట్టే కదా అనుకున్నాను. తప్పు పాటల యాప్‌లో ఉందేమోనని మేనకోడలితో అది తీసేయించి మళ్లీ వేయించాను. పాస్‌వర్డ్ మార్పించాను. లాభం లేదు. మూడో రోజు ఎందుకో అనుమానం వచ్చింది.

"ఎసొంటి పచ్చ అమ్మా? ఆకు తీరా, పసుపు తీరా?"

"తంగేడు పువ్వు తీరుగున్నది."

దిగ్గున లేచి కూర్చునేసరికి పై మంచం తలకు తగిలింది. ఆ స్పీకర్‌లో ఆకుపచ్చ అంటే వైఫై కలిసింది, పసుపు అంటే తెగింది. మనకు రెండూ పచ్చే. ఈ సంగతి ఆ డబ్బా చేసినవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఇక ఎప్పుడెప్పుడు ఆగుతుందో గమనించమని చెప్పాను. కనిపెట్టింది మేనకోడలే. "కరెంటు పోయొచ్చినంక బందైతుంది మామా" అంది. అప్పుడు విషయం తెలిసింది. స్పీకర్ ఉన్న పూజగది ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉంది, రౌటర్ ప్లగ్గు లేదు. కరెంటు పోతే రౌటర్ చచ్చిపోతుంది, స్పీకర్ మాత్రం బతికే ఉండి కాసేపు వెతికి వెతికి ఊరుకుంటుంది. కరెంటు వచ్చాక రౌటర్ తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోగా స్పీకర్ ఆశ వదిలేసుకుంటుంది. దాని వైరు పీకి, పది సెకన్లు ఆగి పెడితే మళ్లీ కలుస్తుంది. కానీ రోజూ అమ్మ వంగి వైరు పీకడం ఏం బాగుంటుంది? ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రౌటర్‌ను, దాని పక్కనున్న ఫైబర్ డబ్బాను కూడా ఇన్వర్టర్ లైనులో కలిపించాం.

అయినా రెండు రోజులకోసారి, కరెంటు పోకుండానే తెగుతూనే ఉంది. ఈ రెండో తప్పు పూర్తిగా నాదే. రౌటర్ వైఫై సిగ్నల్ పంపే దారులు రెండు, 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు. ఆ రెండూ ఒకే పేరుతో పెట్టి వచ్చాను. 5లో వేగం ఎక్కువే గానీ గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. 2.4 నిదానం, అయినా దూరం పోతుంది. పాటకు ఆ నిదానం చాలు. మాది పాతకాలపు రాతి గోడల ఇల్లు, అందులోనూ నడుమ బీరువా. స్పీకర్ 5కు అతుక్కున్న రోజల్లా తిప్పలే. మేనకోడలు ఫోన్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచింది. లాగిన్ పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. బీరువా సందులోకి చెయ్యి దూర్చి ఫొటో తీస్తే మూడుసార్లు మసకగా వచ్చి, నాలుగోసారి పడింది. రెండు బ్యాండ్లకు వేరువేరు పేర్లు పెట్టించి, స్పీకర్‌ను 2.4కు కలిపించాను.

రౌటర్‌ను బయటికి తేవడానికే ఎక్కువ కష్టమైంది.

"షోకేసుల బొమ్మల నడుమ గా డబ్బా ఏంది బిడ్డా? వచ్చిపోయెటోళ్లు ఏమనుకుంటరు?"

చివరికి ఒప్పుకుంది. మర్నాడు వీడియోలో చూస్తే రౌటర్ మీద అల్లిక గుడ్డ కప్పి ఉంది. గుడ్డతో సిగ్నల్‌కు ఏమీ కాదు గానీ వేడెక్కుతుంది, తీసెయ్ అన్నాను. అడుగున పరిచింది.

పోయిన వారం నిచ్చెన మీద ఉండగా అమ్మ ఫోన్. మళ్లీ తెగిందేమోనని టెన్షన్. ఒక చేత్తో సీలింగ్ పలక పట్టుకొని ఎత్తాను.

"లైటు ఏ రంగున్నదే అమ్మా?"

"లైటు నాకెందుకు బిడ్డా, పాట ఇనవస్తలేదా నీకు?"