బూటీ అంటే ఏంటి నాన్నా?

2016 ఏప్రిల్ 3, ఆదివారం. పొద్దున్నే హ్యూస్టన్‌లో కారు తీశాను. వెనక సీట్లో ఆరేళ్ళ మావాడు, వాడి పక్కన ధర్మవరం నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మామగారు, ఆయన ఒళ్ళో పులిహోర డబ్బా. "చెడ్డీలేసుకుని కొట్టుకునేవాళ్ళను చూడ్డానికి నాలుగు గంటల డ్రైవింగా?" అని మా ఆవిడ రానంది. మేం వెళ్తున్నది డల్లస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌కు, రెసిల్‌మేనియా 32 చూడ్డానికి. డబ్ల్యూడబ్ల్యూఈ అనే రెజ్లింగ్ కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగ అది.

ఐ-45 మీద ఉత్తరంగా పోతుంటే హంట్స్‌విల్ దగ్గర చెట్ల పైనుంచి టెక్సాస్ నాయకుడు శామ్ హ్యూస్టన్ తెల్లటి విగ్రహం కనిపిస్తుంది. 67 అడుగులు. "ఈయన కూడా రెజ్లరేనా?" అన్నాడు మావాడు. కాదన్నాను. వాడికి ఆసక్తి పోయింది.

"పిల్లలు చూడొచ్చా అల్లుడూ ఇది?" అని మామగారు అడిగారు.

"2008 నుంచి పీజీ రేటింగ్ మామయ్యా, పెద్దవాళ్ళతో కలిసి పిల్లలూ చూడొచ్చని. అంతా ఫ్యామిలీ షో" అని ధీమాగా చెప్పాను.

చెప్పానే గానీ, నాకు గుర్తొచ్చింది ఒంగోలు. 1998లో నేను పదో తరగతి. రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డుల్లో అండర్‌టేకర్ ఎత్తు, ఛాతీ కొలత మాకు ఎక్కాల కన్నా బాగా వచ్చు. కేబుల్‌లో డీ-జనరేషన్ ఎక్స్ అనే ముఠా వచ్చేది. ట్రిపుల్ హెచ్, షాన్ మైకేల్స్, చైనా అనే ఆడ రెజ్లర్ కలిసి 1997లో పెట్టిన ముఠా అది. వాళ్ళు రెండు చేతులూ కత్తెరలా వేసి నడుము కింద కొట్టి చూపించే సైగ ఒకటుంది. దాని అర్థం తెలియక, స్టైలు అనుకుని, గ్రౌండ్‌లో ప్రేయర్ ముందు పదిమందిమి వరసగా నిలబడి చేశాం. డ్రిల్ మాస్టారు పదిమందినీ బెత్తంతో వాయించాడు. ఎందుకు కొట్టాడో మాకు తెలియదు. ఆయనకూ పూర్తిగా తెలిసుండదని ఇప్పుడనిపిస్తోంది. చూడగానే చెడ్డదని మాత్రం కనిపెట్టాడు.

డబ్ల్యూడబ్ల్యూఈని అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనేవాళ్ళు. అది దాని 'యాటిట్యూడ్' రోజులు, అంటే పెద్దల సరుకుతో నడిచిన కాలం. నీలిచిత్రాల నటుడి వేషంలో వాల్ వీనిస్ అనే వస్తాదు రింగులోకి వచ్చేవాడు. ఆడవాళ్ళకు ఒకరి బట్టలు ఒకరు లాగేసుకునే పోటీలు పెట్టేవాళ్ళు. ఇంట్లో నాన్న హాల్లోకి రాగానే ఛానెల్ మార్చడానికి రిమోట్ చేతిలోనే ఉంచుకునేవాణ్ణి. అమెరికాలో పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్ అనే సంఘం ప్రకటనలిచ్చే కంపెనీలను షో నుంచి తప్పించాలని ప్రచారం చేసింది. అయితే, పిల్లల చావులకు కూడా రెజ్లింగే కారణమనే దాకా పోయి కోర్టులో ఇరుక్కుంది. 2002లో క్షమాపణ చెప్పి 35 లక్షల డాలర్లు కట్టింది. అలా క్షమాపణ చెప్పించుకున్న రెజ్లింగ్ కంపెనీయే ఆరేళ్ళ తర్వాత తనంతట తాను పీజీకి మారింది. బొమ్మలు, టీషర్టులు కొనేది పిల్లలే కదా.

మధ్యలో మాడిసన్‌విల్‌లో బక్కీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. అన్ని బాత్రూములు ఒకేచోట చూసి మామగారు రెజ్లింగ్ కన్నా ఎక్కువ ఆశ్చర్యపోయారు.

స్టేడియం గురించి ఎంత చెప్పినా తక్కువే. నడినెత్తిన 160 అడుగుల పొడవున్న తెర వేలాడుతుంటే, రింగు కింద అగ్గిపెట్టెలా ఉంది. 1,01,763 మంది వచ్చారని రాక్ అనే పాత రెజ్లర్, సినిమా హీరో ప్రకటించాడు. ఈ కంపెనీ చెప్పే లెక్కల్ని నేనైతే కొంత తగ్గించే నమ్ముతాను. కానీ ఆ హోరు మధ్య లెక్కలెవరికి కావాలి?

ఇక అసలు సంగతి. స్టేజీ మీద ఓ పెద్ద సీరియల్ పెట్టె కనిపించింది. టీవీ సీరియల్ కాదు, పాలల్లో వేసుకు తినేది. దాని మీద 'బూటీ-ఓస్' అని రాసుంది. పెట్టె ఒరిగింది, చక్రాల్లాంటి ముక్కలతో పాటు న్యూ డే ముఠా ముగ్గురూ బయటికి జారారు. కోఫీ కింగ్‌స్టన్, జేవియర్ వుడ్స్, బిగ్ ఈ. ఒంటి మీద డ్రాగన్ బాల్ జీ కార్టూన్ కవచాలు. మావాడు కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. బిగ్ ఈ నడుము తిప్పుతున్నాడు. ఆ తిప్పడం చూస్తే మా డ్రిల్ మాస్టారు బెత్తం వెతుక్కునేవాడు.

మా ముందు వరసలో ఓ తల్లి, ఓ తండ్రి, ముగ్గురు పిల్లలు. పిల్లలు పెట్టెను చూసి నవ్వుతున్నారు. తల్లిదండ్రులు పెట్టె మీది మాటకు నవ్వుతున్నారు. అందరూ ఒకేసారి, ఒకే జోకుకు నవ్వుతున్నట్టే ఉంది.

అప్పుడే మావాడు నా చొక్కా లాగాడు. "నాన్నా, బూటీ అంటే ఏంటి?"

మామగారు కూడా నావైపు తిరిగారు. టెన్షన్‌లో ఆ దేవుడే ఓ మాట నోట్లో పెట్టాడు. "ఓడ దొంగలు దోచుకున్న సొమ్మురా."

అబద్ధం కాదు, డిక్షనరీలో ఉంది. పిర్రలు అనే రెండో అర్థం మాత్రం చెప్పలేదు. మావాడు ఒప్పుకున్నాడు. మామగారు ఒప్పుకోలేదు. బిగ్ ఈ నడుము వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసి, "శ్లేష" అన్నారు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి.

నేను తల దించుకున్నాను. ఆయన మాత్రం మొదలుపెట్టారు. "మా చిన్నప్పుడు నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలవాళ్ళు వచ్చేవాళ్ళు. తెల్లార్లూ రామాయణం. జనం కునుకు తీస్తున్నారనగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దిగేవాళ్ళు. వాళ్ళు మాట్లాడే మాటల ముందు ఇదెంత? మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. మేం జుట్టుపోలిగాడి పిలక చూసి నవ్వేవాళ్ళం. సీతమ్మ రాగానే అందరూ మళ్ళీ దండం పెట్టేవాళ్ళు."

న్యూ డే ఓడిపోయింది. తర్వాత పాత వస్తాదులు మిక్ ఫోలీ, స్టోన్ కోల్డ్ ఆస్టిన్‌తో పాటు షాన్ మైకేల్స్ కూడా వచ్చి, గెలిచినవాళ్ళను కొట్టారు. అదే మైకేల్స్. మమ్మల్ని బెత్తం దెబ్బలు తినిపించిన ముఠా మనిషి, ఇప్పుడు పిల్లల ముందు పెద్దమనిషిలా డాన్సు చేస్తున్నాడు. నేను మావాడి కన్నా గట్టిగా అరిచాను.

ఆరోజే ఆడవాళ్ళ బెల్టు మారింది. సీతాకోకచిలుక ఆకారంలో ఉన్న 'దివాస్' బెల్టు పోయి, మగవాళ్ళ బెల్టు లాంటిదే వచ్చింది. దాన్ని పాత తరం రెజ్లర్ లీటా చూపించింది. షార్లెట్, బెకీ లించ్, సాషా బ్యాంక్స్ ఆడిన ఆట ఆ రాత్రి అన్నిటికన్నా బాగుంది. నాకు బూటీ-ఓస్ బూతనిపించకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పాత రోజుల్లో నవ్వంతా ఆడవాళ్ళ ఒంటి మీదే. ఈ ముగ్గురు మగవాళ్ళు తమ పిర్రల మీద తామే జోకులేసుకుంటున్నారు. నవ్వితే ఎవరికీ ఏమీ పోదు.

ఆఖరి ఆటలో ట్రిపుల్ హెచ్, రోమన్ రెయిన్స్ తలపడే సరికి రాత్రి చాలా అయింది. మావాడు తాత భుజం మీద నిద్రపోయాడు. ఆ రాత్రి ఇర్వింగ్‌లో స్నేహితుడి ఇంట్లో పడుకుని సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాం.

మా ఆవిడ తలుపు తీసింది. మావాడి ఒంటి మీద ముందురోజు కొనిచ్చిన కొత్త టీషర్టు. దాని మీది అక్షరాలు ఒకటికి రెండుసార్లు చదివింది.

"ఇదేంట్రా?"

"దొంగల సొమ్మమ్మా! నాన్న చెప్పాడు" అన్నాడు వాడు గర్వంగా.

ఆమె నావైపు చూసింది. నేను మామగారి వైపు చూశాను. ఆయన పులిహోర డబ్బా కారులో మర్చిపోయానంటూ అప్పటికే వెనక్కి తిరిగారు. డబ్బా ఆయన చేతిలోనే ఉంది.