దింపు రోజు

ఇవాళ కొబ్బరితోటలో దింపు. ఏడింటికల్లా మనుషులు చెట్లెక్కేశారు. అంబాజీపేట వ్యాపారి సాయంత్రం బండి పంపుతానన్నాడు, రేటు మాత్రం కాయ చూశాకే చెబుతాట్ట. వాళ్ళెప్పుడూ అంతే.

లెక్క దగ్గర నేనే కూర్చున్నాను. "ఎండలో నువ్వెందుకు" అన్నారు మావారు. ఆయన భయం ఎండ గురించి కాదు, లెక్క గురించి. క్యాన్సర్‌కి కీమో అయిన దగ్గర్నుంచీ నా లెక్క మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. పైకి అనరు గానీ, నేను చిల్లర లెక్కపెట్టి ఇస్తే అవతలికెళ్ళి మళ్ళీ లెక్కపెట్టుకుంటారు.

"లాభం, రెండు, మూడు" అంటూ మేస్త్రి కాయలు విసురుతుంటే, వంద అయినప్పుడల్లా ఒక కాయ తీసి పక్కన పెట్టడం నా పని. మా మామగారి నాటి పద్ధతి. ఎన్ని వందలయ్యాయో బుర్రలో మొయ్యక్కర్లేదు, పక్కనున్న కాయలు చూసుకుంటే చాలు. మధ్యలో ఫోను మోగినా, పాలవాడు కేకేసినా లెక్క చెదరదు. "ఎన్నొందలయ్యాయండీ?" అని మేస్త్రి అడిగితే చూసి చెప్పాను. "ఆయ్, సరిపోయిందండి" అన్నాడు. మావారు పేపర్లోంచి తలెత్తలేదు గానీ విన్నారని నాకు తెలుసు.

గొడవంతా వంటింట్లోనే. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పులుసు, చెవి దగ్గర ఆడపడుచు ఫోను. అన్నం వార్చాలి. పనిపిల్లని "అది అందుకోవే" అన్నాను. "ఏదండి?" అంది. "అదేనే, కన్నాలుంటాయి, గిన్నె మీద పెడతాం..." నోటిదాకా వచ్చింది, బయటికి రాదు. అరచెయ్యి గిన్నె మీద బోర్లించి చూపించాను. సిబ్బి! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వాడుతున్న సిబ్బి. ఆ పిల్ల నవ్వింది, నేనూ నవ్వాను, లోపల మాత్రం గుండె జారింది. ఈలోగా పులుసు అడుగంటింది. అంతా వింటున్న ఆడపడుచు, "వయసొచ్చింది వదినా, నేనూ మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాను" అంది.

ఓదార్పుకే అంది, తెలుసు. కానీ వయసైతే మెల్లగా వస్తుంది. నాకిది కీమోలో ఇచ్చే ఎర్ర మందు ఎక్కించడం మొదలయ్యాక కొద్ది నెలల్లోనే వచ్చిపడింది. దీన్ని కీమో బ్రెయిన్ అంటారని మా అబ్బాయి హైదరాబాద్ నుంచి పంపినవి చదివితే గానీ తెలీలేదు. చికిత్స జరుగుతుండగా నూటికి 75 మంది దాకా ఇలా ఉంటుందట. అయిపోయాక కూడా 35 మంది వరకూ నెలలు, ఏళ్ళ తరబడి ఉండొచ్చట. విచిత్రమేమిటంటే కొందరికి కీమో మొదలుపెట్టకముందే పరీక్షల్లో తేడా కనిపించిందట. అంటే మందు ఒక్కటే కాదు. ఎర్ర మందు అసలు మెదడులోకి పెద్దగా వెళ్ళనే వెళ్ళదు. కానీ ఒంట్లో వాపు రేగితే పుట్టే రసాయనాల ప్రభావం మెదడు దాకా పోతుంది. దానికి రక్తం తక్కువవడం, నిద్ర లేకపోవడం, టెన్షన్ తోడు. నా విషయంలో హార్మోను మాత్ర కూడా. ఆ మాత్ర పేరు టామాక్సిఫెన్, మామూలుగా ఐదేళ్ళు వాడాలి. అది వేసుకున్నప్పట్నుంచీ అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లొచ్చి లేచి కూర్చుంటున్నాను, ఇక తెల్లారాక బుర్ర ఏం పనిచేస్తుంది?

పోయినసారి చెకప్‌లో మతిమరుపు అంటే అక్కడికక్కడే పరీక్ష పెట్టారు. ఇవాళేం వారం, ఈ ఊరేంటి, వందలోంచి ఏడు తీసేస్తూ పొండి. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది... కొబ్బరి లెక్కల ఇంటి కోడల్ని, గడగడా చెప్పేశాను. "నార్మలేనమ్మా, కంగారుపడకండి." ఆ పరీక్ష డిమెన్షియాని, అంటే మతి పోయే జబ్బుని, పట్టడానికి పెట్టింది, ఇలాంటి చిన్న తేడాలు దానికి చిక్కవు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క ప్రశ్నకి ఒక్క జవాబు ఎవరైనా చెబుతారు. రెండు పొయ్యిలూ ఒక ఫోనూ ఉన్నచోట కదా నా బాధ!

నాకు కోపం ఆ పరీక్ష మీద కాదు. జుట్టు రాలుతుందన్నారు, వాంతులవుతాయన్నారు, నోరు పూస్తుందన్నారు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయని కూడా చెప్పారు. మాటలు తడుముకుంటావని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ముందే ఒక్క ముక్క అని ఉంటే, మా అమ్మమ్మలాగా నాకూ మతి పోతోందని రాత్రిళ్ళు ఏడ్చేదాన్ని కాదు. ఇది ఆ జబ్బు కాదు, దానిలా రోజురోజుకీ ముదిరేది కాదు, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఈ సంగతీ డాక్టరు చెబితే బాగుండేది, చదువుకుని తెలుసుకున్నాను.

మధ్యాహ్నం నిద్ర మానేశాను. సాయంత్రాలు కాలవ గట్టు మీద నడుస్తున్నాను, ఒంటికి పని చెబితే బుర్రకీ మంచిదట. ఇవాళ కుదరలేదు, చీకటి పడుతుండగా బండొచ్చింది. రేటు అనుకున్నంత లేదు.

వచ్చే చెకప్‌కి అడగాల్సినవి డైరీలో రాస్తున్నాను: హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూడమనాలి. నిద్ర గురించి అడగాలి. మావారు భుజం మీదుగా చదివి, "విసుక్కోవడం ఎక్కువైందని కూడా రాయి" అన్నారు. రాశాను. దాని కిందే ఆయన చెవులు చూపించాలని కూడా రాశాను.