ఉప్పలపాడు పక్షుల డేటాబేస్: ఈ విడత కనెక్షన్ల పని

ఉప్పలపాడు చెరువుల దగ్గర మేం రాసుకుంటున్న పక్షుల లెక్కలు నోటు పుస్తకాల్లోంచి క్లౌడ్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కుతున్నాయి. ఏ తారీఖున, ఏ చెట్టు మీద, ఎన్ని గూడబాతులు, ఎన్ని పెయింటెడ్ స్టార్క్‌లు, గూళ్లు ఎన్ని, పిల్లలున్న గూళ్లు ఎన్ని. చెట్లు మ్యాప్ మీద కనపడాలని, స్థానాలు దాచుకునే పోస్ట్‌జీఐఎస్ అనే జోడింపు కూడా వేశాం. టేబుళ్లు తయారు చేయడం తేలిగ్గానే అయిపోయింది. వాటిని మూడిళ్లలో ఉన్న మూడు కంప్యూటర్లు తెరవగలిగేలా చేయడానికే టైమంతా పట్టింది.

నేను గుంటూరు లక్ష్మీపురంలో, డేటాబేస్ తెరవడానికి డీబీవర్ అనే టూల్ వాడతాను. విజయవాడ పటమటలో ఉండే మా ఫ్రెండ్ మ్యాపులు గీస్తాడు, వాడికి క్యూజీఐఎస్ కావాలి. బ్రాడీపేట మాస్టారికి పీజీఅడ్మిన్ అలవాటు. పాత పుస్తకాల్లోని లెక్కలన్నీ ఓపిగ్గా ఎక్కించేది ఆయనే.

కనెక్షన్ రాకపోతే చాలామంది ముందు పాస్‌వర్డ్ మళ్లీ కొడతారు. దానికన్నా ఎర్రర్‌ని ఒకసారి నిదానంగా చదవడం మేలు. మన రిక్వెస్ట్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో అందులోనే ఉంటుంది. హోస్ట్ (డేటాబేస్ ఉన్న మెషిన్) పేరుకి అడ్రస్ దొరకలేదంటే మన ఇంటి గడపే దాటలేదు. చాలాసేపు తిరిగి తిరిగి టైమ్డ్ అవుట్ అంటే, ఎక్కువ సార్లు, దారిలో ఒక ఫైర్‌వాల్ (ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా) మన ప్యాకెట్లని చప్పుడు చేయకుండా పారేస్తోందని. నొక్కీ నొక్కగానే రెఫ్యూజ్డ్ అంటే అవతలి మెషిన్ దొరికింది గానీ ఆ పోర్టులో, అంటే ఆ సర్వీసుకిచ్చిన తలుపు నంబరు దగ్గర, ఎవరూ వినడం లేదు. పీజీ హెచ్‌బీఏలో (ఎవరు రావచ్చో సర్వర్ చూసుకునే ఫైల్) ఎంట్రీ లేదు, నో ఎన్‌క్రిప్షన్ అని వస్తే సర్వర్ మనతో మాట్లాడింది, కానీ ఎస్ఎస్ఎల్ (దారిలో డేటాని రహస్యంగా ఉంచే పద్ధతి) లేకుండా రానివ్వనంటోంది. పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అన్నప్పుడే యూజర్ పేరు, పాస్‌వర్డ్ జోలికి వెళ్లాలి. పాస్‌వర్డ్‌లో @ ఉండి, దాన్ని పొడవాటి కనెక్షన్ అడ్రస్‌లో ఇరికిస్తే మాత్రం @ బదులు %40 అని రాయాలి. లేకపోతే @ తర్వాత ఉన్నదంతా హోస్ట్ పేరు అనుకునే ప్రమాదం ఉంది.

శనివారం, విజయవాడ

ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "హాట్‌స్పాట్ పెడితే వస్తోంది రా, ఇంట్లో వైఫై పెడితే ఆ పేరే తెలియదంటోంది." అదే లాప్‌టాప్, అవే సెట్టింగులు. కాబట్టి తేడా నెట్‌వర్క్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పేరుకి అడ్రస్ చూపించే ఎన్ఎస్ లుకప్ కొట్టి హోస్ట్ పేరు ఇమ్మన్నాను. వచ్చిన అడ్రస్‌లో చుక్కలు లేవు, అన్నీ కోలన్లే. అంటే ఆ హోస్ట్‌కి ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్ ఒక్కటే ఉంది. వాడి ఫోన్ నెట్‌లో ఐపీవీ6 వస్తుంది, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో రాదు. వైఫై మీద ఉన్నప్పుడు ఆ అడ్రస్‌కి దారే లేదు.

ఇలాంటి సర్వీసులు మామూలుగా ఐపీవీ4 (చుక్కలుండే పాత తరహా) కోసం పూలర్ అని, కనెక్షన్లని పంచిపెట్టే మధ్యవర్తిది ఇంకో అడ్రస్ ఇస్తాయి. ఆ పేరు వాడగానే లోపలికి వెళ్లాడు. పూలర్‌లో రెండు రకాలుంటాయి, డెస్క్‌టాప్ టూల్స్‌కి సెషన్ మోడ్ ఎంచుకోవాలి. ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఒక్కో పనికి ఒక్కో కనెక్షన్ చేతులు మారుతుంది కాబట్టి మనం సెట్ చేసిన సెర్చ్ పాత్ (టేబుళ్లని ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్), టెంపరరీ టేబుళ్లు నిలవవు. టూల్ చూస్తే బాగానే కనెక్ట్ అయినట్టుంటుంది, మధ్యలో టేబుల్ లేదంటుంది. టెన్షన్ పెట్టే రకం తప్పు అది.

మంగళవారం, గుంటూరు

నా దగ్గర కథ వేరు. రాత్రి పనిచేసింది పొద్దున టైమ్డ్ అవుట్. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అని, హోస్ట్ పేరూ పోర్ట్ 5432 ఇచ్చి చూస్తే టీసీపీ టెస్ట్ దగ్గర ఫాల్స్ వచ్చింది. డీబీవర్‌తో సంబంధం లేకుండా పోర్ట్ దాకా దారి ఉందో లేదో తేల్చడానికి ఇంతకన్నా సులువైన మార్గం నాకు తెలీదు. డేటాబేస్ ఫైర్‌వాల్‌లో మేం చేర్చిన పబ్లిక్ ఐపీలని మాత్రమే అనుమతించాం. రాత్రి రౌటర్ ఆగి మళ్లీ వచ్చినప్పుడు మా ఇంటి ఐపీ మారింది.

కొత్త ఐపీ చేర్చేస్తే ఆ పూటకి సరిపోతుంది. కానీ రౌటర్ పేజీలో వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ చూస్తే 100తో మొదలైంది, రెండో సంఖ్య 64కీ 127కీ మధ్యలో ఉంది. 100.64.0.0/10 అనేది 2012లో ఇంటర్నెట్ కంపెనీల ఉమ్మడి నాట్ కోసమే పక్కన పెట్టిన శ్రేణి. అంటే బయట కనిపించే ఐపీ నా ఒక్కడిది కాదు, ఇంకా ఎన్నో ఇళ్లవాళ్లం పంచుకుంటున్నది. దాన్ని అనుమతిస్తే వాళ్లందరికీ తలుపు తీసినట్టే.

ఇక్కడ అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, 0.0.0.0/0 (ఏ ఐపీ నుంచైనా రావచ్చని) పెట్టేయండి, గొడవ వదిలిపోతుందని. నేను ఒప్పుకోను. మా టేబుళ్లలో గూళ్ల స్థానాలున్నాయి, లెక్కలకి సాయం చేసే ఊరివాళ్ల ఫోన్ నంబర్లున్నాయి. మనల్ని నమ్మి ఇచ్చిన నంబర్లని పాస్‌వర్డ్ ఒక్కదాని కాపలాలో లోకం మొత్తానికి ఎదురుగా పెట్టడం పద్ధతి కాదు.

అందుకని క్లౌడ్‌లో ఒక చిన్న లైనక్స్ మెషిన్ తీసుకున్నాం. డేటాబేస్ ఫైర్‌వాల్‌లో ఇప్పుడు దాని అడ్రస్ తప్ప ఇంకేదీ లేదు. ముగ్గురం ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ అయిన దారి) వేసుకుని దాని మీదుగా వెళ్తాం. మా ఐపీలు ఎన్ని సార్లు మారినా ఫరవాలేదు, చూసేది కీని, అంటే మా దగ్గర ఫైల్‌గా ఉండే రహస్య తాళంచెవిని. పాస్‌వర్డ్ లాగిన్ తీసేశాం. ఎవరి కీ వాళ్లదే. ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో ప్రతి కీ ముందూ రిస్ట్రిక్ట్, పోర్ట్ ఫార్వర్డింగ్, పర్మిట్‌ఓపెన్ అని రాశాం కాబట్టి ఆ కీతో వేసే టన్నెల్ డేటాబేస్ పోర్ట్‌కి తప్ప ఇంకెక్కడికీ వెళ్లదు. ఆ మెషిన్‌కి ఐపీవీ6 కూడా ఉంది, దాంతో విజయవాడ వాడికి పూలర్ అవసరం తీరిపోయింది.

డీబీవర్‌లో ఎస్ఎస్‌హెచ్ ట్యాబ్ ఉంది. మెయిన్ ట్యాబ్‌లో హోస్ట్ అన్నచోట ఆ లైనక్స్ మెషిన్ నుంచి చూస్తే డేటాబేస్‌కి ఏ పేరో అదే రాయాలి, లోకల్‌హోస్ట్ (అంటే సొంత మెషిన్) కాదు.

గురువారం, క్యూజీఐఎస్ వంతు

క్యూజీఐఎస్‌లో పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ డబ్బాలో టన్నెల్‌కి చోటు లేదు. విండోస్‌లో వచ్చే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌తోనే టన్నెల్ తెరిచాం. ఇక్కడ పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ వచ్చింది. పాస్‌వర్డ్ మాత్రం అక్షరం తేడా లేదు. సంగతేంటంటే, వాడి లాప్‌టాప్‌లో ఎప్పుడో వేసుకున్న లోకల్ పోస్ట్‌గ్రెస్ 5432 మీద కూర్చుని ఉంది. క్యూజీఐఎస్ దాన్నే పలకరిస్తోంది, కాదన్నది కూడా అదే. టన్నెల్‌కి 5433 ఇచ్చాక దారి కుదిరింది. ఏ సర్వర్‌తో మాట్లాడుతున్నామో అనుమానం వస్తే సెలెక్ట్ వెర్షన్ అని అడిగితే తెలిసిపోతుంది. లాప్‌టాప్‌లోది విండోస్ బిల్డ్, క్లౌడ్‌లోది లైనక్స్ బిల్డ్.

టన్నెల్ వచ్చాక ఎస్ఎస్ఎల్ మోడ్ దగ్గర ఇంకో చిక్కు. వెరిఫై-ఫుల్ పెడితే సర్టిఫికెట్‌లోని (సర్వర్ గుర్తింపు పత్రం) పేరూ, మనం ఇచ్చిన హోస్ట్ పేరూ ఒకటై ఉండాలి. మనమేమో లోకల్‌హోస్ట్ అంటున్నాం. డిజేబుల్ పెట్టేయమని సలహాలొచ్చాయి. అవసరం లేదు. పోస్ట్‌గ్రెస్ సర్వీస్ ఫైల్‌లో హోస్ట్ దగ్గర డేటాబేస్ అసలు పేరు, హోస్ట్‌అడ్రస్ దగ్గర 127.0.0.1 (లోకల్‌హోస్ట్ అడ్రస్), పోర్ట్ 5433, సర్టిఫికెట్ ఫైల్ ఉన్న దారి రాస్తే చాలు. కనెక్షన్ 127.0.0.1కి వెళ్తుంది, పేరు సరిచూసేది అసలు పేరుతో. క్యూజీఐఎస్‌లో సర్వీస్ అన్న గడిలో ఆ ఫైల్‌లో పెట్టిన పేరు ఇస్తే మిగతా గడులు ఖాళీగా వదిలేయొచ్చు. డీబీవర్ జావా డ్రైవర్‌తో నడుస్తుంది, దాని పద్ధతి వేరు. అందుకే నా దగ్గర వెరిఫై-సీఏ పెట్టుకున్నాను. అందులో సర్టిఫికెట్ ఎవరు సంతకం చేశారన్నదే చూస్తుంది, పేరు చూడదు.

ఆదివారం, మాస్టారి డెస్క్‌టాప్

"బాబూ, నిన్నటిదాకా బాగానే వచ్చింది. పొద్దున కరెంటు పోయి వచ్చాక సర్టిఫికెట్ చెల్లదంటోంది" అన్నారు మాస్టారు. టన్నెల్ మామూలుగానే తెరుచుకుంటోంది. ఆగింది ఎస్ఎస్ఎల్ దగ్గర, సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్ అని. సర్టిఫికెట్ ఒక్కరోజులో చెడిపోదు కదా. స్క్రీన్ మూల చూడమన్నాను. గడియారంలో ఏళ్ల కిందటి జనవరి 1 ఉంది. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. ఆ తేదీకి మన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ఎస్ఎస్‌హెచ్ కీకి తేదీతో పని లేదు కాబట్టి టన్నెల్‌కి అడ్డు రాలేదు.

అరండల్‌పేటలో సీఆర్2032 సెల్ కొని వేశాం. నాణెం అంత సెల్, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. పక్కనున్న చిన్న క్లిప్‌ని గోటితో నొక్కితే పాతది పైకి లేస్తుంది. బయోస్‌లో తేదీ సరిచేసి విండోస్‌లో టైమ్ సింక్ చేశాక సర్టిఫికెట్ మళ్లీ చెల్లింది. వేసవి కోతల్లో పాత డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఎస్ఎస్ఎల్ ఎర్రర్ చూస్తే ముందు గడియారం చూడండి.

అదే మెషిన్‌లో ఉన్న పాత పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు పంపే టూల్) ఇంకో మాట అంది, అథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్ అని. అది పాస్‌వర్డ్ సరిచూసే స్క్రామ్ అనే పద్ధతి. పోస్ట్‌గ్రెస్ 10లో వచ్చింది, 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లకి అదే డిఫాల్ట్. పాత క్లయింట్‌కి అది తెలీదు. కొత్త వెర్షన్ వేస్తే అయిపోతుంది.

రోజూ వాడుకలో తేలినవి

టీ తాగొచ్చి క్వెరీ కొడితే డీబీవర్ బిగుసుకుపోయేది. ఊరికే ఉన్న కనెక్షన్‌ని మధ్యలో ఉన్న నాట్ మర్చిపోతుంది, ఇటు టూల్‌కి ఆ సంగతి తెలీదు. లైనక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికుందో లేదో చూసే పలకరింపు) మామూలుగా 7200 సెకన్లకి గానీ మొదలవదు, అప్పటికి ఎప్పుడో పోయి ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల్లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 60 పెట్టాం, డీబీవర్ కనెక్షన్ సెట్టింగుల్లో కూడా కీప్-అలైవ్ ఉంది. ఇప్పుడు భోంచేసి వచ్చినా కనెక్షన్ అలాగే ఉంటోంది.

ఒక సాయంత్రం ముగ్గురం ఒకేసారి పనిచేస్తుంటే కనెక్షన్ స్లాట్లు లేవని వచ్చింది. ఇప్పుడున్న కనెక్షన్లని చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరిచి అప్లికేషన్ పేరు చూస్తే సగానికి పైగా డీబీవర్‌వే. అది మెయిన్‌కి ఒకటి, మెటాడేటాకి ఒకటి, ఎడిటర్లకి వేరే తెరుస్తుంది. చిన్న ప్లాన్‌లో అది తేలిగ్గా భరించే సంఖ్య కాదు. సెట్టింగుల్లో ఎడిటర్‌కి విడి కనెక్షన్ వద్దని పెట్టాను. మూత వేసేసిన లాప్‌టాప్‌ల నుంచి మిగిలిపోయిన సెషన్ల కోసం సర్వర్‌లో ఐడిల్ సెషన్ టైమ్‌అవుట్ ఇచ్చాం, అది పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఉంది. మ్యాపుల కోసం చదవడానికి మాత్రమే వీలున్న యూజర్‌ని వేరేగా చేశాం, ఫోన్ నంబర్ల టేబుల్ ఆ యూజర్‌కి కనపడదు.

ఇప్పటికి మూడు మెషిన్ల నుంచీ వస్తోంది. మిగిలింది బ్యాకప్. టన్నెల్ మీదుగా పీజీడంప్ (డేటాబేస్ కాపీ తీసే టూల్) నడిపితే నా లాప్‌టాప్‌లోది వెర్షన్ తేడా అని ఆగిపోయింది. సర్వర్ 16, నాది 14. సర్వర్ కన్నా పాత పీజీడంప్ పనిచేయదు, కొత్తదైతే చేస్తుంది. 16 క్లయింట్ టూల్స్ వేసి ఈ వారం మొదటి డంప్ తీస్తాను, దాన్ని మాస్టారి డెస్క్‌టాప్‌లో లోకల్‌గా రీస్టోర్ చేసి వరుసల లెక్క సరిపోయిందో లేదో చూడాలి.