రోమ్‌లో మా మొదటి రోజు

రోమ్‌లో దిగిన రోజే కలోసియం చూసేద్దామని మా ఆయన పట్టుబట్టారు. నేను ససేమిరా అన్నాను. ఆ టికెట్ మీద టైము ఉంటుంది, మన పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మేమేమో దోహాలో విమానం మారాలి. ఒక్కటి ఆలస్యమైతే మనిషికి 18 యూరోలు గోవిందా. అందుకే మర్నాడు ఉదయానికి టికెట్లు తీసుకుని, మొదటి రోజు టైముకు హాజరవ్వాల్సిన పని ఒక్కటీ పెట్టుకోలేదు. ఎవరడిగినా ఇదే చెబుతున్నాను.

ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రెండు రకాల రైళ్లు ఉన్నాయి. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా 32 నిమిషాల్లో తెర్మినీ స్టేషన్‌కు చేరుస్తుంది, టికెట్ 14 యూరోలు. మామూలు రైలుకు 8 యూరోలే, కానీ అది తెర్మినీ వైపు వెళ్లదు. మా హోటల్ తెర్మినీ పక్కనే కాబట్టి మొదటిదే ఎక్కాం. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. అది లేకపోతే టికెట్ కొన్నా జరిమానా తప్పదు.

గది మూడింటికి గానీ ఇవ్వరు. సామాను రిసెప్షన్‌లో వదిలేసి, మొహాలు కడుక్కుని రోడ్డెక్కాం. ముందు కాఫీ. ఇక్కడ 'బార్' అంటే మందు షాపు కాదు, కాఫీ కొట్టే. చాలాచోట్ల ముందు కౌంటర్లో డబ్బు కట్టి, ఆ రసీదు చూపించి కాఫీ అడగాలి. నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. చుట్టూ అందరూ నిలబడే తాగుతుంటే మేమూ నిలబడ్డాం. వచ్చింది ఉగ్గుగిన్నెడు కాఫీ. రెండు గుక్కల్లో అయిపోయింది, కానీ ప్రయాణం నిద్రంతా వదిలిపోయింది.

మెట్రోలో బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు గేటు తెరుచుకుంటుంది, టికెట్ 1.50 యూరోలు. ఒకే కార్డుతో ఇద్దరూ వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లదే. స్పాన్యాలో దిగి స్పానిష్ మెట్లు చూశాం. వాటి మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం. ఎవరో అమ్మాయి ఫొటో కోసం చతికిలబడగానే పోలీసు ఈల వేశాడు.

దారి పొడుగునా వీధి మూలల్లో ఇనుప కుళాయిలు, రాత్రీపగలూ పారుతూనే ఉంటాయి. రోమ్ వాళ్లు 'నసోనే' అంటారు. వంకర గొట్టం మూతిని వేలితో మూస్తే, పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు చివ్వున పైకి లేస్తాయి, వంగి తాగేయడమే. చల్లటి మంచినీళ్లు. సీసా కొనాల్సిన పనే లేదు.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర జనం కిటకిట. నాణెం వేయడానికి కూడా సందు వెతుక్కోవాలి. ఫౌంటెన్ 1762లో పూర్తయింది, కానీ దానికి నీళ్లు తెచ్చే కాలువను క్రీ.పూ. 19లోనే రోమన్ సేనాపతి అగ్రిప్పా కట్టించాడు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిచి పాతకాలపు రోమన్ గుడి పాంథియన్ చేరితే, ముఖద్వారం మీద పెద్ద పెద్ద అక్షరాల్లో అదే పేరు! ఇప్పుడున్న కట్టడం తరవాతి కాలంలో చక్రవర్తి హేడ్రియన్ హయాంలోది. అయినా పాత పేరే ఉంచారు.

2023 నుంచి లోపలికి 5 యూరోల టికెట్ పెట్టారు. మా ఆయన సివిల్ ఇంజినీరు. పైకి చూసిన మనిషి మళ్లీ కిందకి చూడలేదు. గుమ్మటం అడ్డంగా ఎంతో నేల నుంచి ఎత్తూ అంతే, 43 మీటర్ల పైచిలుకు. "ఇంత కాంక్రీటు, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు" అని నాకు మూడుసార్లు చెప్పారు. పైకి పోయేకొద్దీ తేలికైన రాయి కలిపారట, కొనలో అగ్నిపర్వతపు ప్యూమిస్. నడినెత్తిన పెద్ద గుండ్రటి రంధ్రం, దానికి అద్దం లేదు. వాన పడితే లోపలే పడుతుంది. ఆ నీళ్లు పోవడానికి నేలలో చిన్న కన్నాలున్నాయి, అవి ఎక్కడున్నాయో వెతికి చూపించేదాకా నన్ను కదలనివ్వలేదు. చిత్రకారుడు రఫేల్ సమాధి కూడా ఇక్కడే ఉంది. దాని ముందు మాత్రం రెండు నిమిషాలే ఇచ్చారు.

నేను శాకాహారిని. మధ్యాహ్నం పిజ్జా కొట్టు సులువైపోయింది. పెద్ద పళ్లెంలోంచి కత్తెరతో కోసి, తూకం వేసి ఇస్తారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే చాలు. బంగాళాదుంప పిజ్జా మా ఇద్దరికీ తెగ నచ్చింది. గుమ్మడిపూల పిజ్జా చూసి మోసపోకండి, చాలావరకు అందులో చిన్న చేపలు దాగుంటాయి.

రాత్రి భోజనానికి హోటళ్లు ఏడున్నరకి గానీ తెరవరు. మన టైములో అప్పటికి పదకొండు. ఆవలింతలతోనే కూర్చున్నాం. మిరియాలూ చీజూ కలిపిన పాస్తా మా ఆయనకి. ఆ పెకొరీనో చీజ్‌లో పాలు విరగడానికి గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు కాబట్టి నేను టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన అర్రబ్బియాతా తెప్పించుకున్నాను. కారం అన్నారు గానీ మా ఇంట్లో చంటిపిల్లలైనా తినేస్తారు. బిల్లు మనం అడిగేదాకా తేరు, అడక్కుండా తెస్తే లేచిపొమ్మన్నట్టు ఉంటుందని వాళ్ల పద్ధతి. 'ఇల్ కోంతో' అని అడిగి తెప్పించుకుని, తొమ్మిదిన్నరకల్లా గదిలో పడ్డాం.