ఆవుపాల తెలుపు

పొద్దున్న షట్టర్ ఎత్తేసరికే బోటాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో సంచి. అందులో మొన్న మేం తెల్ల పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) వేసిచ్చిన సామాను: తాడు కట్టే క్లీట్లు నాలుగు, రైలింగ్ బ్రాకెట్లు ఆరు, గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు రెండు. అన్నీ కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్నవే.

"ఏటన్నా ఇది, తెల్లచొక్కాకి పసుపు అంటినట్టుంది" అన్నాడు.

బల్ల మీద పరిచి చూశాను. క్లీట్లు బాగానే ఉన్నాయి, బ్రాకెట్లే పసుపు తిరిగాయి. అదే పౌడరు, అదే రోజు, అదే ఓవెన్. తప్పు నాదే. పౌడర్ గట్టిపడటానికి 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు చాలు, కానీ ఆ వేడి ఓవెన్ గాలికి కాదు, లోహానికి రావాలి. క్లీట్లు బరువైన పోత ముక్కలు, నిదానంగా వేడెక్కుతాయి. బ్రాకెట్లు పల్చటి పైపు. కంద ఉడికేదాకా బచ్చలిని కూడా పొయ్యి మీదే ఉంచితే ఏమవుతుందో మా ఆవిడని అడిగినా చెప్పేది. నల్లరంగైతే ఎవరి కంటా పడేది కాదు. తెలుపు దాచదు.

అంతటితో అయిపోలేదు. బాగున్న క్లీట్ల తెలుపు కూడా బోటు తెలుపుతో కలవట్లేదట. సరేనని శాంపిల్ రేకులు పట్టుకుని, మా కుర్రాణ్ణి వెంటేసుకుని ఆటోనగర్ నుంచి హార్బర్‌కి వెళ్లాను. షాపులో ట్యూబ్‌లైట్ కింద రాల్ 9016, 9010 (షేడ్ కార్డులో రెండు తెలుపుల నంబర్లు) పక్కపక్కన పెట్టినా పెద్ద తేడా కనిపించదు. ఎండలో పట్టుకుంటే వేరు. వాడు రెండూ చూసి "ఇది గేదెపాలు, ఇది ఆవుపాలు బాబాయ్" అన్నాడు. షేడ్ కార్డు మీద ఆ మాటే రాసుంటే మాకు సగం గొడవ తప్పేది.

పాత బ్రాకెట్ ఒకటి విప్పితే అసలు చిక్కు బయటపడింది. దాని కింద ఎండ తగలని చోట బోటు ఇంకో తెలుపు, బయట ఇంకో తెలుపు. దేనికి కలపాలి? ఒక చోట రబ్బింగ్ కాంపౌండ్ (పాలిష్ పట్టే ముద్ద) పెట్టి రుద్దమన్నాను. గుడ్డకి ముగ్గుపిండిలా తెల్లటి పొడి అంటింది. కింద మెరుపు వచ్చింది. మెరుపు లేని చోట మెరిసే క్లీటు పెడితే రంగు ఒకటే అయినా వేరుగానే కనిపిస్తుంది మరి. రుద్దిన చోట 9010 రేకు పెడితే అంచు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆవుపాలే. ముందు బోటంతా పాలిష్ పట్టించండి అని చెప్పాను.

"రెండు పౌడర్లూ కలిపి కొట్టెయ్యొచ్చు కదా?" అని అడిగాడాయన. ఈ ప్రశ్న నెలకోసారైనా వస్తుంది. డబ్బా పెయింటైతే కలుస్తుంది. పౌడర్‌లో ఏ రేణువు దాని రంగులోనే కరుగుతుంది, దగ్గర్నుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. కంపెనీతో షేడ్ చేయించుకోవచ్చు గానీ, పన్నెండు ముక్కల కోసం పెట్టెల లెక్కన పౌడర్ ఎవరు కొంటారు?

మధ్యాహ్నం నుంచి పాత పూత ఊడగొట్టడమే సరిపోయింది. పూత మీద పూత వేస్తే మందం పెరిగి బోల్టు రంధ్రాలు బిగుసుకుంటాయి. ఈసారి క్లీట్లని ముందు ఉత్తివే కాల్చాను. పోతలో ఇరుక్కున్న గాలి అప్పుడే పోవాలి, లేదంటే పూత మీద సూదిబెజ్జాలు పడతాయి. బ్రాకెట్లు, గొట్టాలు వేరే విడత. పూత మందం కొలిచే మీటర్ పెడితే 70 మైక్రాన్లు అటూఇటూగా చూపించింది.

బయటికి తీసేసరికి ఎండ పోయింది. ట్యూబ్‌లైట్ కింద చూసి మురిసిపోయే పని పెట్టుకోకుండా గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. పక్కనే నైలాన్ వాషర్ల పొట్లం కూడా. స్టీలు బోల్టు పూతని చీల్చిందంటే ఉప్పునీరు అక్కణ్ణించే అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. రేపు తొమ్మిదింటికి, ఎండెక్కాక, హార్బర్‌కి వెళ్లాలి.