నాలుగు జీబీల ర్యామ్‌లో తెలుగు మాటల లెక్క

స్పెల్‌చెక్కర్ కోసం తెలుగు మాటల పట్టీ ఒకటి కావాల్సి వచ్చింది. ఏ మాట ఎన్నిసార్లు వాడారో కూడా తెలియాలి. తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వికీమీడియా డంప్స్‌లో (వికీల మొత్తం సరుకును దించుకోవడానికి పెట్టే చోటు) దొరుకుతాయి. దించుకుని నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో మొదలుపెట్టాను. ర్యామ్ నాలుగు జీబీలే.

మొదట ఫైలంతా ఒకేసారి రీడ్() చేశాను. మౌస్ కదలడం మానేసింది. కాసేపటికి టెర్మినల్లో ఒక్కటే మాట: కిల్డ్. ఎర్రర్ లేదు, లైన్ నంబర్ లేదు. ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె) 137, అంటే 128కి సిగ్నల్ 9 (‘వెంటనే ఆపెయ్’ అనే ఆజ్ఞ) కలిపినది. మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కర్నెలే నా ప్రోగ్రామ్‌ను ఆపేసింది.

తర్వాత ఒక్కో ఎంబీ చొప్పున బైట్లు చదివాను. ఈసారి డీకోడ్ ఎర్రర్, అంటే బైట్లను అక్షరాలుగా మార్చలేకపోయింది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ‘త’కు మూడు బైట్లు, దాని మీది ఎత్వానికి మరో మూడు. ఎంబీ ఎక్కడ పూర్తయితే అక్కడ తెగుతుంది కాబట్టి మూడింట్లో రెండు ఇటు, ఒకటి అటు పడ్డాయి. ఇలాంటప్పుడు చాలామంది ‘ఇగ్నోర్’ (చదవలేని బైట్లను వదిలెయ్) పెట్టి ముందుకెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు అక్షరమూ చప్పుడు లేకుండా పోతుంది. ఎత్వం దగ్గర తెగితే ‘తెలుగు’ కాస్తా ‘తలుగు’ అయి లెక్కలోకి ఎక్కుతుంది.

అందుకే బీజెడ్2 (కుదించిన) ఫైలును విప్పకుండానే తెరిచి, ఎక్స్‌ఎంఎల్‌ను ముక్కముక్కగా చదివే పైథాన్ ఐటర్‌పార్స్‌తో ఒక్కో వ్యాసం చదివాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. చదివిన పేజీని క్లియర్() చేసినా, దాని ఖాళీ డొల్ల రూట్‌కి (పేజీలన్నిటినీ పట్టుకుని ఉండే పైకొమ్మకి) వేలాడుతూనే ఉంటుంది. పేజీ అయిన ప్రతిసారీ రూట్‌నే క్లియర్ చేశాక ఆ డొల్లల బరువు పోయింది.

అయినా మెమరీ వాడకం పెరుగుతూనే ఉంది! అసలు బరువు ఫైలుది కాదు, నా లెక్కల డిక్షనరీది, అంటే ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో ర్యామ్‌లో దాచుకునే పైథాన్ పట్టికది. మన భాషలో వచ్చాడు, వచ్చాడట, వచ్చాడని, వచ్చాడేమో, వచ్చాడంటే దేనికదే వేరే మాట. ఇంగ్లీషులో కొంతదూరం పోయాక కొత్త మాటలు రావడం బాగా తగ్గుతుంది, తెలుగులో అంత త్వరగా తగ్గవు. పైగా ‘వచ్చాడు’ ఫైల్లో 21 బైట్లే, కానీ పైథాన్ 3.10లో మెమరీలో ఎంత చోటు పడుతుందని గెట్‌సైజ్‌ఆఫ్‌ను అడిగితే 88 బైట్లు అంది. డిక్షనరీలో దాని గడి ఖర్చు వేరు. తప్పంతా ఫైలును చదివే తీరులోనే ఉందనుకుని రెండు రోజులు వెతికాను. నన్ను బాగా విసిగించింది ఇదే.

చివరికి డిక్షనరీ తీసేశాను. వచ్చిన మాటను వచ్చినట్టే, లైనుకొకటి చొప్పున ఇంకో ఫైల్లో రాసేసి, లినక్స్‌లో లైన్లను వరసపెట్టే సార్ట్ కమాండ్‌కి అప్పగించాను. అది ర్యామ్‌లో పట్టినంత వరసపెట్టి డిస్కు మీద దించుతుంది, తర్వాత ఆ ముక్కలన్నిటినీ కలుపుతుంది. టీచర్లు పరీక్ష పేపర్లను కట్టలుగా రోల్ నంబర్ల వరసలో పెట్టుకుని, కట్టల పైపేపర్లు చూసుకుంటూ ఒకటిగా కలుపుతారే, అదే పద్ధతి. ర్యామ్ వాటా 500 ఎంబీలకు కట్టడి చేశాను. అక్షరాలను బైట్ల వరసలోనే పోల్చమని లొకేల్‌ను (ఏ భాష వరస వాడాలో చెప్పే అమరికను) ‘సీ’కి మార్చాను. ఒకే మాట పక్కపక్కన చేరాక యూనిక్ అనే ఇంకో కమాండ్ లెక్కపెట్టేసింది.

రాత్రి వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి పట్టీ సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఒక్కసారే వచ్చిన మాటల దగ్గర కూర్చున్నాను, వాటిలో అచ్చుతప్పులేవో నిజమైన రూపాలేవో విడదీస్తూ.