ఆఫ్ చేసి పెట్టిన కెమెరాలో బ్యాటరీ ఎటు పోతోంది? నా అనుభవం

శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూసి, ఆ రాత్రే నాన్న మిర్యాలగూడ నుంచి ఫోన్ చేశారు. "ఈసారన్న తీస్కపోతవా బిడ్డా?" అని అడిగారు. ఆయన సాగర్ ఎడమ కాలువ మీద 32 ఏళ్లు లస్కరుగా పనిచేశారు. తూములు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడ తెగుతుందోనని రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తిరగడం, ఇదే ఆయన బతుకు. ఆ నీళ్లు పైన శ్రీశైలంలో ఎలా దూకుతాయో మాత్రం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు.

అందుకే ఈ ప్రయాణమంతా వీడియో తీసి దాచుకోవాలని గట్టిగా అనుకున్నాను. నా దగ్గర యాక్షన్ కెమెరా ఉంది. వాన పడినా, తుంపర కొట్టినా భయం లేనిది. మంగళవారం రాత్రి బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేసి, కెమెరా ఆఫ్ చేసి బ్యాగులో పెట్టాను. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరాం. అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంచుతారు కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి ఆరు దాటాకే చేరేలా చూసుకున్నాం. దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ కనిపించే మలుపు దగ్గర దిగాం. 12 గేట్లలో 10 ఎత్తి ఉన్నాయి. ఆ హోరు మాట వినపడనివ్వడం లేదు. తుంపర పొగలా లేచి రోడ్డు దాకా వస్తోంది. నాన్న రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

కెమెరా తీసి బటన్ నొక్కాను. ఎర్రటి బ్యాటరీ గుర్తు ఒక్కసారి మెరిసి, తెర నల్లబడింది. మళ్లీ నొక్కితే అదీ లేదు.

కారులో కేబుల్ పెట్టి ఛార్జ్ చేద్దామంటే అక్కడ బండ్లు ఎక్కువసేపు ఆపనివ్వడం లేదు. ఫోన్‌తో తీశాను కానీ లెన్స్ నిండా నీటి చుక్కలు, రెండు నిమిషాల మసక వీడియో మిగిలింది. "కండ్లతోటి చూసినం గద, సాలు" అన్నారు నాన్న. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు. ఆఫ్ చేసి పెట్టిన కెమెరాలో నాలుగు రోజుల్లో బ్యాటరీ ఎలా ఖాళీ అయిందో తేల్చుకోవాలని ఇంటికి రాగానే కూర్చున్నాను.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, బ్యాటరీ పాతబడింది, కొత్తది కొనండి అన్నారు. నమ్మి కొన్నాను. నాలుగో రోజుకు అదీ ఖాళీ. మళ్లీ వెళ్తే ఈసారి బోర్డు మార్చాలన్నారు. ఆ ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త కెమెరానే వస్తుంది. అక్కడి నుంచి వచ్చేశాను.

అప్పుడు చేసిన మొదటి పరీక్ష చాలా తేలికైనది, అన్నిటికన్నా ఎక్కువ చెప్పిందీ అదే. పాత బ్యాటరీ, కొత్త బ్యాటరీ రెండూ ఫుల్ ఛార్జ్ చేశాను. పాతది కెమెరాలో పెట్టి ఆఫ్ చేశాను. కొత్తదాన్ని దాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అదే బీరువాలో, అదే అరలో ఉంచాను. మూడో రోజు రాత్రికి కెమెరా ఆన్ కాలేదు. బయట ఉంచినది వేసి చూస్తే 99 శాతం చూపించింది. తర్వాత రెండిటినీ అటూ ఇటూ మార్చాను. ఈసారి కొత్తది ఖాళీ అయింది, పాతది నిండుగా ఉంది. లిథియం బ్యాటరీ బాగుంటే ఊరికే పడి ఉన్నప్పుడు సుమారుగా నెలకు రెండు మూడు శాతం మాత్రమే తగ్గుతుంది. కాబట్టి తప్పు బ్యాటరీది కాదు. కెమెరానే తాగేస్తోంది.

కొందరు ఇక్కడే ఆగి, వాడనప్పుడు బ్యాటరీ బయటికి తీసి పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. నేనూ ఓ వారం అదే చేశాను. కానీ బ్యాటరీ తీసి ఉంచితే నా కెమెరాలో తేదీ, సమయం పోతున్నాయి. తర్వాత తీసిన వీడియోలన్నీ ఎన్నో ఏళ్ల కిందటివిగా నమోదవుతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ల వీడియోలు దాచుకునేవాడికి తేదీ తప్పుగా పడటం చిన్న విషయం కాదు. పైగా బ్యాటరీ గది తలుపు ఎన్నిసార్లు తీసి మూస్తే దాని చుట్టూ ఉన్న రబ్బరు అన్నిసార్లు నలుగుతుంది. నీళ్లు లోపలికి పోకుండా ఆపేది ఆ రబ్బరే.

తర్వాత వచ్చిన అనుమానం, బ్యాగులో బటన్ నొక్కుకుపోయి తనంతట తానే రికార్డ్ అవుతోందేమోనని. చాలా యాక్షన్ కెమెరాల్లో రికార్డ్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు, ఆఫ్‌లో ఉన్నా లేచి రికార్డింగ్ మొదలుపెడతాయి. కార్డు చూశాను. నేను తీయని వీడియో ఒక్కటీ లేదు. పోనీ కార్డే కరెంటు లాగుతోందేమోనని దాన్ని తీసేసి మూడు రోజులు ఉంచినా బ్యాటరీ అలాగే ఖాళీ అయింది. ఆ రెండు అనుమానాలూ తీరిపోయాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, మొత్తం రీసెట్ కొట్టాను. ఏమీ మారలేదు.

ఒక రాత్రి కరెంటు పోయింది. నీళ్లు తాగడానికి లేచాను. చీకట్లో బీరువా గాజు తలుపు వెనక నుంచి నీలం చుక్క ఒకటి మెరిసి ఆరింది. అక్కడే నిలబడి చూశాను. కొన్ని సెకన్లకు మళ్లీ మెరిసింది. అది ఆఫ్ చేసి పెట్టిన నా కెమెరా. పగటి వెలుగులో ఇన్నాళ్లూ ఆ దీపం కంటికి ఆనలేదు.

ఫోన్‌లోని యాప్ నుంచి కెమెరాను లేపడానికి వీలుగా, ఆఫ్ చేశాక కూడా బ్లూటూత్ మేలుకునే ఉంటుంది. మనం ఆఫ్ అనుకునేది దానికి కునుకు మాత్రమే. సెట్టింగుల్లోకి వెళ్లి వైర్‌లెస్ మొత్తం ఆపేసి, అప్పుడు కెమెరా ఆఫ్ చేశాను. చీకటి చేసి పావుగంట కనిపెట్టుకుని కూర్చున్నాను. దీపం వెలగలేదు. మూడు రోజుల తర్వాత చూస్తే 58 శాతం ఉంది. సగం గెలిచాను. కానీ మూడు రోజుల్లో 42 శాతం ఎక్కడికి పోయింది? ఒక్కటే కారణం ఉంటుందనుకుని ఇన్నాళ్లూ వెతికాను. రెండున్నాయని అప్పుడు తెలిసింది.

ఇక ఇంట్లో చేయగలిగింది అయిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావ టీవీలు రిపేర్ చేస్తాడు. ఆదివారం షాపుకు వెళ్లాను. "అంచనాలు ఎందుకు, కొలిచి చూద్దాం" అన్నాడు. రెండు సన్నటి రాగి రేకు ముక్కలు కత్తిరించి, మధ్యలో వేడికి తట్టుకునే బ్రౌన్ టేపు పెట్టి అంటించాడు. ఒక రేకు బ్యాటరీ ప్లస్‌కు, రెండోది కెమెరా లోపలి ప్లస్ పిన్నుకు తగిలేలా దోపాడు. రెండు రేకుల నుంచి వైర్లు బయటికి తెచ్చి, కరెంటు కొలిచే మీటరుకు కలిపాడు. ఇప్పుడు కెమెరా తాగే కరెంటు ఎంతైనా మీటరు గుండానే పోవాలి.

ఇక్కడ బావ చూపించిన జాగ్రత్త ఒకటి ఉంది. చిన్న పసుపు మీటర్లలో 200 మిల్లీ ఆంపియర్ల రేంజికి లోపల ఫ్యూజ్ ఉంటుంది. కెమెరా ఆన్ అయ్యేటప్పుడు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి ఫ్యూజ్ పోతుంది. అందుకని ముందు 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టి కెమెరా ఆన్ చేసి, ఆఫ్ చేశాడు. తర్వాత రెండు రేకుల వైర్లనూ ఒక జంపరుతో, అంటే చిన్న వైరు ముక్కతో కలిపి పట్టుకుని, కరెంటు తెగకుండా మీటరు వైరును చిన్న రేంజికి మార్చి, అప్పుడు జంపర్ తీశాడు. రేకులు పొరపాటున మైనస్‌కు తగిలితే షార్టయి బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. చేతికి అలవాటు లేనివాళ్లు ఈ పని సొంతంగా చేయొద్దు, తెలిసిన మెకానిక్ దగ్గర చేయించుకోండి.

వైర్‌లెస్ ఆన్‌లో ఉంచి కెమెరా ఆఫ్ చేస్తే మీటరు 14కూ 20కీ మధ్య ఊగింది. సగటున 17 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. నా బ్యాటరీ 1220 మిల్లీ ఆంపియర్ అవర్లది, అంటే 1220 మిల్లీ ఆంపియర్లు లాగితే గంటలో అయిపోయేది. 1220ని 17తో భాగిస్తే దాదాపు 72 గంటలు, అంటే సరిగ్గా మూడు రోజులు. బీరువాలో నేను చూసిందీ అదే. ఆ లెక్క కుదిరినప్పుడు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. వైర్‌లెస్ ఆపితే అంకె 7 దగ్గర కదలకుండా నిలబడింది. మూడు రోజులకు 504 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 41 శాతం. అదీ సరిపోయింది.

"ఊగుతున్న కరెంటు పనిచేసే వస్తువుది. కదలకుండా నిలబడిన కరెంటు లీకేజీది" అని బావ భూతద్దం, టార్చి తీశాడు. బ్యాటరీ గదిలో అడుగున బంగారు రంగు పిన్నుల వరస ఉంది. ప్లస్ పిన్ను మొదట్లో ఆవగింజలో సగం ఉన్న ఆకుపచ్చ మచ్చ. రాగి చెంబుకు పట్టే చిలుములాంటిదే. అక్కడి నుంచి పక్క పిన్ను దాకా తెల్లటి పొర, ఎండిన చెమట చారికలా.

"దీన్ని సముద్రంలోకి దింపినవా?" అని అడిగాడు. సంక్రాంతి సెలవుల్లో విశాఖ వెళ్లినప్పుడు రుషికొండ బీచ్‌లో అలల్లో పిల్లలను తీశాను. తలుపు రబ్బరును టార్చి వెలుగులో తిప్పి చూస్తే, మూలన దానికి అడ్డంగా ఒక వెంట్రుక అతుక్కుని ఉంది, దాని పక్కనే ఒక ఇసుక రేణువు. ఆ సందులోంచే ఉప్పునీటి చెమ్మ లోపలికి చేరింది. కెమెరా చెడిపోయేంత నీళ్లు కావు కాబట్టి నాకు తెలియలేదు. ఎండాకాలం అంతా ఆ ఉప్పు ఎండిపోయి ఉంది. అప్పుడు బ్యాటరీ ఇంత తొందరగా తగ్గేది కాదు. వానలు మొదలయ్యాక, వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఆ పొర కూడా గాలిలోని తేమ పీల్చుకుంది. తడి ఉప్పు పిన్నుల మధ్య వంతెన కట్టింది. కెమెరా ఆఫ్‌లో ఉన్నా, ఆన్‌లో ఉన్నా, రాత్రీ పగలూ దాని గుండా కరెంటు కారుతూనే ఉంది. ఈ లీకేజీ ఏ అప్‌డేట్‌తోనూ పోయేది కాదు.

బ్యాటరీ, కార్డు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (తుడవగానే ఆరిపోయే ద్రవం) ముంచిన ఇయర్ బడ్‌తో మెల్లగా రుద్దాడు. మొదటి బడ్ పచ్చగా మారింది. నాలుగో బడ్ తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. గరుకు కాగితంతో గీకొద్దా అని అడిగితే, పిన్ను మీది పూత పోతే మళ్లీ చిలుము పట్టడానికి నెల చాలన్నాడు. థిన్నర్, పెట్రోలు లాంటివి ప్లాస్టిక్‌ను, రబ్బరును పాడు చేస్తాయి. తలుపు తెరిచి ఆ రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టి, మర్నాడు మళ్లీ మీటరుకు కలిపాం. చిన్న అంకెలు అటూ ఇటూ తిరిగి ఆగాయి. 0.2 మిల్లీ ఆంపియర్లు.

ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఆ లెక్కన బ్యాటరీ ఖాళీ కావాలంటే ఎనిమిది నెలల పైనే పడుతుంది. అయినా బీరువాలో పెట్టి చూసుకోనిదే నమ్మకం కుదరలేదు. ఫుల్ ఛార్జ్ చేసి పెట్టి, పది రోజులు ముట్టుకోలేదు. తీసి చూస్తే 95 శాతం. పాత బ్యాటరీ మాత్రం ఇన్నిసార్లు అడుగంటా ఖాళీ అయినందుకు దెబ్బతింది. ఇప్పుడు ముందులా గంటకు పైగా రాదు, 40 నిమిషాలకే దిగిపోతోంది. లిథియం బ్యాటరీని సున్నా దాకా పోనిచ్చి అలాగే వదిలేస్తే జరిగే నష్టం అదే. కొన్నాళ్లు వాడనంటే సగం ఛార్జ్‌తో ఉంచడం దానికి మంచిది. ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇక వాడకూడదు.

ఇప్పుడు సముద్రం దగ్గర వాడితే, తలుపు మూసి ఉండగానే మంచినీళ్లలో కాసేపు ముంచి తీసి, బాగా తుడిచి ఆరాకే తెరుస్తున్నాను. మూసే ముందు రబ్బరు చుట్టూ ఒకసారి వేలితో తడిమి చూస్తున్నాను. రీసెట్ కొట్టినా, అప్‌డేట్ చేసినా వైర్‌లెస్ మళ్లీ దానంతటదే ఆన్ అవుతోంది, కాబట్టి అదీ చూసుకుంటున్నాను.

దసరా సెలవుల్లో నాన్నను మళ్లీ తీసుకెళ్లాను. కెమెరా వారం ముందు ఛార్జ్ చేసిందే. అదే మలుపు దగ్గర దిగి బటన్ నొక్కితే 96 శాతం చూపించింది. అప్పటికి వరద తగ్గి గేట్లన్నీ దించేశారు. డ్యామ్ కింద రాళ్లు తేలి ఉన్నాయి. పవర్ హౌస్ నుంచి వదిలిన నీళ్లు మాత్రం పచ్చగా, చప్పుడు లేకుండా కిందికి పోతున్నాయి. నాన్న నా వైపు, అంటే కెమెరా వైపు తిరిగి, వేలు అటు చూపించారు. 22 నిమిషాల ఆ వీడియోలో ఆయన మొదటి మాట ఇది: "ఇగో బిడ్డా, గీ నీళ్లే మన తూము దాక వచ్చేటియి."